మనకీ ఇంటిపేరుంది

(అంబేద్కర్ జయంతి సందర్భంగా మొగల్తూరు పేటలో జరిగిన సభలో చేసిన ఉపన్యాసం. మాట్లాడిన తీరు పోకుండా కాస్త కుదించి ఇస్తున్నాం. - సం.)



ఇందాక మైకు దగ్గరికి పిలిచేటప్పుడు తమ్ముడు నన్ను ఇంటిపేరుతో పిలిచాడు. చివర 'గారు' కూడా పెట్టాడు. మా తాత ఉండి వినుంటే వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని. ఆయన బతికినన్నాళ్లూ ఊళ్లో ఒక్కరూ ఆయన్ని ఇంటిపేరు పెట్టి పిలవలేదు. అసలు ఆయనకో ఇంటిపేరుందన్న సంగతే ఊరికి పట్టలేదు. అందుకే ఇవాళ బాబాసాహెబ్ జీవితచరిత్ర మొదట్నించీ చెప్పకుండా ఈ ఒక్క సంగతే మాట్లాడదామనుకున్నాను. ఇంటిపేరు సంగతి. ఇదేం పెద్ద విషయం, భూమి గురించో కూలి గురించో చెప్పు అంటారేమో. చివరికి భూమి దగ్గరికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మొగల్తూరు అంటే బయటివాళ్లకి ఏం గుర్తొస్తుంది? ఇద్దరు సినిమా హీరోలు గుర్తొస్తారు. ఉప్పలపాటివారు ఒకరు, కొణిదెలవారు ఒకరు. పాత సంగతులు తెలిసినవాళ్లయితే కోట గురించి చెప్తారు, కలిదిండి రాజుల గురించి చెప్తారు. కలిదిండి అనేది ఊరి పేరు. ఇప్పుడది ఏలూరు జిల్లాలో ఉంది. కొణిదెల అనే ఊరు రాయలసీమలో నందికొట్కూరు దగ్గరుంది. అంటే ఇంటిపేరు వింటే ఎక్కడి పేరో, ఎటునించి వచ్చారో వెతుక్కోవడానికి వాళ్లకి ఒక దారుంది. మంచిదే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఈ పేటలో ఎన్ని ఇంటిపేర్లున్నాయి? ఏ ఇంటిపేరువాళ్లు ఎన్ని గడపలున్నారు? మీ ఇంటిపేరుకి అర్థమేంటి? మీ ముత్తాత ఏ ఊరినించి ఇక్కడికొచ్చాడు? చెయ్యెత్తి చెప్పగలిగినవాళ్లు ఎంతమంది?

చూశారా, చేతులు లేవలేదు. తప్పు మీది కాదు. మనల్ని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లు కులం అడిగారు, ఇంటిపేరు అడగలేదు.

తెలుగువాళ్ల ఇంటిపేర్లు ఎక్కణ్ణించి వచ్చాయో కాస్త చూద్దాం. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, పెట్టినపేరు తర్వాత వస్తుంది. ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్లు. ఒక ఊరినించి ఇంకో ఊరికి బతకడానికి పోతే, కొత్త ఊరివాళ్లు పాత ఊరి పేరుతో పిలుస్తారు, అది ఇంటికి అతుక్కుపోతుంది. ఇంకొన్ని వస్తువుల పేర్లు, జంతువుల పేర్లు, చెట్ల పేర్లు. కొన్ని పూర్వం ఉన్న ఓ పెద్దమనిషి పేరు. మనవాళ్ల పేర్లే చూడండి. గుర్రం జాషువా, ఇంటిపేరు గుర్రం. కత్తి పద్మారావు, ఇంటిపేరు కత్తి. బొజ్జా తారకం మన కోనసీమ కందికుప్పలో పుట్టాడు, ఇంటిపేరు బొజ్జా. రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న, కుసుమం అంటే పువ్వు. దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు, ఇంటిపేరు మనిషి పేరులా ఉంటుంది. లోక్‌సభకి స్పీకరైన మొదటి దళితుడు జి.ఎం.సి. బాలయోగి. అందులో 'జి' అంటే గంటి. గంటి అనే ఊరు కోనసీమలోనే ఉంది.

గుర్రం, కత్తి, పువ్వు, ఊరు, మనిషి. రాజుల ఇంటిపేర్లు ఎట్టా పుట్టాయో మన ఇంటిపేర్లూ అట్టాగే పుట్టాయి. ఒకే ఇంటిపేరు మనలోనూ ఉంటుంది, పై కులాల్లోనూ ఉంటుంది, బీసీల్లోనూ ఉంటుంది. ఎందుకంటే ఒకే ఊరినించి అన్ని కులాలవాళ్లూ కదిలారు. కదలడం అందరికీ ఉంది, కరువు అందరికీ ఉంది, గోదారి వరద అందర్నీ ముంచింది. కాబట్టి ఇంటిపేరులో అంటు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన ఆడవాళ్లకి ఇదంతా ఎప్పణ్ణించో తెలుసు. పెళ్లి మాట రాగానే మా నాయనమ్మ మొదట అడిగేది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ల వరస, ఇంకా మాట్లాడేదేం లేదు. వేరైతే అప్పుడు వరస కలుపుతుంది. మేనరికమా, బయటి సంబంధమా, ఆ పిల్ల అమ్మమ్మ ఎవరింటి ఆడపడుచు, అన్నీ నోటి లెక్కే. ఒక్క అక్షరం రాదు ఆమెకి. కానీ చుట్టూ పదిహేను ఊళ్లలో మనవాళ్ల ఇంటిపేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమె నాలుక మీద ఉండేది. ఆమెతోపాటే ఆ లెక్క మట్టిలో కలిసిపోయింది. మేం చదువుకున్నవాళ్లం, ఒక్కళ్లం కూడా రాసుకోలేదు.

మరి మనలో ఉన్న ఈ ఇంటిపేరు ఊళ్లోకి ఎందుకు రాలేదు? కాగితం మీదకి ఎందుకెక్కలేదు?

మనువు రెండో అధ్యాయంలోనే పేర్లు ఎట్టా పెట్టాలో చెప్పాడు. బ్రాహ్మణుడి పేరు శుభంగా ఉండాలి, క్షత్రియుడి పేరు బలంగా ఉండాలి, వైశ్యుడి పేరులో ధనం ఉండాలి, శూద్రుడి పేరు వింటే అసహ్యం పుట్టాలి. శూద్రుడికే అట్టా ఉంటే పంచముడి సంగతి చెప్పక్కర్లేదు. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టించాడంటే ఊరికే కాదు. కాగితం కాలింది, అలవాటు మాత్రం ఊళ్లల్లో మిగిలింది. సుబ్బయ్య సుబ్బిగాడయ్యాడు. లక్ష్మమ్మ లచ్చి అయ్యింది. డెబ్బయ్యేళ్ల ముసలాయన్ని కామందు కొడుకు, పదేళ్లవాడు, 'ఒరే' అని పిలిచేవాడు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ పిలుపు చెవులారా విన్నవాళ్లు ఇంకా ఉన్నారు.

నోటి మాట గాలికి పోతుంది. కాగితం మీద పడింది పోదు. కరణం గారి పుస్తకంలో ఏం రాసేవాళ్లు? పెద్ద రైతుకి ఇంటిపేరు, పెట్టినపేరు, తండ్రి పేరు, అన్నీ ఉండేవి. మనవాడికి 'మాల ఫలానాడు', 'మాదిగ ఫలానాడు'. ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరు పెట్టేశారు. గమనించండి, మనకి ఇంటిపేరు లేక కాదు. ఉన్నదాన్ని అడక్కుండా ఆ గడిలో కులం కూర్చోబెట్టారు. కరణాలూ మునసబులూ 1984లో పోయారు. వాళ్ల రాత పోలేదు.

మా తాత సంగతి అదే. ఆయనకి ప్రభుత్వం ఎకరం లోపు బంజరు పట్టా ఇచ్చింది. పట్టాలో 'మాల' అని, పక్కన పెట్టినపేరు, అంతే. ఇంటిపేరు లేదు. తండ్రి పేరు చోట ఏదో గీత ఉంది. మా పేటలో అదే పేరున్నవాళ్లు ముగ్గురు. తాత పోయాక మా నాన్న వారసుడిగా పేరు మార్చమని ఆఫీసుకెళ్తే, "ఈ పట్టా మీ నాన్నదేనని రుజువేంటి" అన్నారు. ఏ ఆఫీసో చెప్పను, అట్టాంటి ఆఫీసు మీలో ప్రతివాళ్లకీ ఒకటి తెలుసు. మూడేళ్లు తిరిగాడు. కూలి పోగొట్టుకుని తిరిగాడు. ఈలోపు ఆ చెక్క చుట్టూ గట్టేసి రొయ్యల చెరువు తవ్వారు. ఎసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు, నిజమే. కానీ ఆ చట్టం పట్టుకుని అడగాలంటే, ముందు మనం ఎవరిమో కాగితం చెప్పాలిగా? కాగితం 'మాల' అంది. మాలవాళ్లు వెయ్యిమంది ఉన్నారు. ఎవరికి ఇస్తారు?

ఇదీ ఇంటిపేరుకి, భూమికి ఉన్న ముడి.

ఊళ్ల పేర్లు చూడండి. మన మొగల్తూరులోనే నల్లంవారి తోట ఉంది. 2017 మార్చి నెలాఖరులో ఆక్వా ప్లాంటులో విషవాయువు సోకి ఐదుగురు కూలీలు చచ్చిపోయినప్పుడు ఆ పేరు రాష్ట్రమంతా పేపర్లలో చదివింది. డెల్టా అంతా అంతే. ఫలానావారి తోట, ఫలానావారి పాలెం, ఫలానావారి మెరక. భూమున్నవాడి ఇంటిపేరు నేలకి ఎక్కింది. మనం ఉండేచోటుకి ఏం పేరు పెట్టారు? మాలపల్లి. మాదిగపేట. తర్వాత హరిజనవాడ. ఆ తోటలో మొక్క నాటిందెవరు, ఆ మెరక మీద మట్టి మోసిందెవరు అని అడిగితే మన ఇంటిపేర్లు ఎన్ని చెప్పాలి? ఒక్కటైనా నేలకి ఎక్కిందా?

పేరు మార్చుకుని గౌరవం తెచ్చుకుందామని మన పెద్దలు చెయ్యని ప్రయత్నం లేదు. హైదరాబాదులో మాదరి భాగయ్య అని ఒకాయన, 1888లో పుట్టాడు. ఆయన భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. రెడ్డి అంటే రేడు, అంటే ఏలినవాడు, ఈ నేలకి మొదటి ఏలికలం మనమే అన్న అర్థంతో ఆ పేరు పెట్టారు. వర్మ అన్నది ఆర్యసమాజంవాళ్లిచ్చింది. 1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిస్తే, ఆయనే అధ్యక్షుడు. మేం పంచములం కాదు, ఈ దేశపు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ పేరే మార్చారు. ఐదేళ్లు తిరక్కుండా, 1922 మార్చి 25న మద్రాసు ప్రభుత్వం జీవో ఇచ్చింది, 817 నంబరు. తెలుగు జిల్లాల్లో పాత పేర్ల బదులు ఆది ఆంధ్ర అని రాయాలని. మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చాలామంది సర్టిఫికెట్లలో ఆది ఆంధ్ర అని ఉండడానికి మూలం అదే. అది ఎవరో దయతో ఇచ్చింది కాదు, మనవాళ్లు సభ పెట్టి సంపాదించిన పేరు.

పై కులాల్లో మంచివాళ్లు అప్పట్లో దీనికి ఎదురుదారి పట్టారు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభలో పెరియార్ వాళ్లు పేరు చివర కులం తోకలు తీసెయ్యాలని తీర్మానించారు. మన పుచ్చలపల్లి సుందరయ్య పుట్టినప్పుడు సుందరరామిరెడ్డి. తోక తీసేశాడు. చూడండి తమాషా. ఉన్నవాడు తోక కత్తిరించుకుంటే అది త్యాగం. లేనివాడు అదే తోక తగిలించుకుంటే నవ్వుతారు. తమిళ దేశంలో తోకలు చాలావరకు రాలిపోయాయి. మన దగ్గర రాజు, రెడ్డి, చౌదరి, నాయుడు, శాస్త్రి ఇంకా ఫ్లెక్సీల మీద నిగనిగలాడుతున్నాయి.

ఇప్పుడు మన పిల్లలు భీమవరం వెళ్తారు, హైదరాబాద్ వెళ్తారు. గది అద్దెకి అడిగితే ఇల్లుగలాయన మొదట అడిగేదేంటి? "ఏమంటారు బాబూ మిమ్మల్ని? మీ ఇంటిపేరు?" పిల్లాడు చెప్తాడు. ఆయనకి తెలియదు. ఎందుకంటే ఇందాక చెప్పినట్టు ఇంటిపేరులో అంటు లేదు, ఆ పేరు నాలుగు కులాల్లో ఉంది. అప్పుడు రెండో ప్రశ్న. "ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అక్కడ దొరికిపోతాడు. మనల్ని పట్టిచ్చేది ఇంటిపేరు కాదు, పేట పేరు.

ఇది మన దేశంలోనే ఉందనుకోకండి. జపాన్‌లో మనలాంటివాళ్లున్నారు. చచ్చిన పశువుల తోలు తీసే పని వాళ్ల నెత్తిన పెట్టి అంటరానివాళ్లని చేశారు. బురాకుమిన్ అంటారు. 1871లో అక్కడి ప్రభుత్వం అంటరానితనం రద్దంది. 1875లో సామాన్యులందరూ ఇంటిపేరు పెట్టుకోవాలంది. అందరికీ ఇంటిపేర్లొచ్చాయి. మరి సమానమైపోయారా? 1872లో రాసిన కుటుంబ రిజిస్టర్లలో కొన్నిచోట్ల వీళ్ల పేరు పక్కన 'కొత్త సామాన్యుడు' అని గుర్తు రాసిపెట్టారు. వందేళ్ల దాకా పెళ్లిళ్లకీ ఉద్యోగాలకీ ఆ రిజిస్టర్లు తిరగేసేవాళ్లు. 1968లో గానీ వాటిని మూయలేదు. మూశాక ఏం చేశారు? బురాకుమిన్ ఉండే వాడల పేర్లన్నీ జాబితా వేసి, పుస్తకం చేసి, రహస్యంగా పెద్ద పెద్ద కంపెనీలకి అమ్మారు. 1975లో ఆ గుట్టు బయటపడింది. వాడ పేరు చూసి ఉద్యోగం ఇవ్వాలా వద్దా తేల్చేవాళ్లు. భీమవరం ఇల్లుగలాయన రెండో ప్రశ్న, జపాన్ కంపెనీ పుస్తకం, రెండూ ఒకటే.

కొరియాలో బానిసలుండేవాళ్లు, చాలామందికి ఇంటిపేరు లేదు. 1894లో బానిసత్వం రద్దు చేశారు, 1909 నాటి చట్టంతో అందరికీ ఇంటిపేరు తప్పనిసరి అయింది. చాలామంది గొప్ప వంశాల పేర్లే పెట్టుకున్నారు. దక్షిణ కొరియాలో 2015 జనాభా లెక్కల్లో నూటికి ఇరవైఒక్క మందికి పైగా కిమ్‌లే, కోటి దాటారు. వాళ్లలో ఎవరి తాత దొర, ఎవరి తాత బానిస? ఇవాళ కిమ్ అన్న పేరు చూసి ఎవరూ చెప్పలేరు. అమెరికాలో నల్లవాళ్ల నాయకుడు మాల్కం, పుట్టినప్పుడు ఇంటిపేరు లిటిల్. అది మా తాతల పేరు కాదు, వాళ్లని కొన్న దొర పేరు అని కొట్టేసి, ఆ చోట 'ఎక్స్' అని రాసుకున్నాడు. మా అసలు పేరు మీరు పోగొట్టారు అని చెప్పడానికి ఆ గుర్తు. మన స్థితి వాళ్లకన్నా ఒక విషయంలో నయం. మన అసలు పేరు పోలేదు. మన దగ్గరే ఉంది. రాయించుకోలేదు, అంతే.

ఇక బాబాసాహెబ్ పేరు. ఆయన తండ్రి రాంజీ సక్పాల్. సొంతూరు రత్నగిరి జిల్లా అంబాడవే. మరాఠీవాళ్లు ఊరి పేరుకి 'కర్' తగిలించి ఇంటిపేరు చేస్తారు, 'ఆ ఊరివాడు' అని. ఆ ఊరి పేరు బడి రికార్డుల్లో పడి చివరికి అంబేద్కర్‌గా స్థిరపడింది. అంటే అది కూడా మన గంటి, మన కలిదిండి లాంటిదే, ఊరి పేరు. ఆ దేశంలోనూ అది అందరిళ్లలో ఉండే ఇంటిపేరేం కాదు. కానీ ఇక్కడ ఏమైందో చూడండి. అక్కడి అరుదైన ఇంటిపేరు మన దగ్గర పెట్టినపేరు అయ్యింది! అంబేద్కర్ అనే పిల్లాడు లేని పేట గోదావరి జిల్లాల్లో ఉందా? ఏ రిజిస్టరూ చెప్పకుండా, ఏ జీవో లేకుండా, పురిట్లో అమ్మలు పెట్టిన పేరు అది. ఇంటిపేరుగా తండ్రినించి కొడుక్కి దిగే పేరుని మనం మొత్తం జాతికి ఇంటిపేరు చేసుకున్నాం.

ఆ పేరు అంటే ఎంత మంటో కూడా చూశాం. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి అంబేద్కర్ పేరు పెడుతూ నోటిఫికేషన్ ఇచ్చారు. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఒక పేరు కోసం! అంతకు ఐదేళ్ల ముందు, 2017లో, మన భీమవరం పక్కన గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలై మొత్తం పేటని వెలేశారు. వెలేసినప్పుడు ఇంటిపేర్లు అడిగారా? లేదు. పేటకి పేటనే వేశారు. పేరు ఊరికే అక్షరాలయితే ఇంత మంట ఎందుకు? చివరికి ఆగస్టులో ఆ జిల్లా పేరు ఖాయమైంది. ఇవాళ అక్కడ కామందు కూడా చిరునామా రాస్తే ఆ పేరు రాయాలి.

ఇప్పుడు లెక్కల సంగతి. మన ఇంటిపేర్లు ఏవి ఎంతమందికి ఉన్నాయో సర్కారు లెక్కలో ఉంటుందా? ఉండదు. అమెరికాలో జనాభా లెక్కలయ్యాక వంద మందికి పైగా ఉన్న ఇంటిపేర్లన్నీ అచ్చేస్తారు. 2010లో అట్టా లక్షా అరవై రెండు వేల పైచిలుకు పేర్లు లెక్క తేలాయి. మన జనగణన ఇంటిపేర్ల పట్టిక వెయ్యదు. పోనీ ఎవరైనా లెక్కించినా మన పేర్లు దొరకవు. మనం ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి ముందు పెడతాం. పేరు చివర ఉన్నదే ఇంటిపేరనుకునేవాళ్లు మన దగ్గర రావు ఇంతమంది, కుమార్ ఇంతమంది, బాబు ఇంతమంది అని లెక్కేస్తారు. బాలయోగి గారిది గంటి ఇల్లని వాళ్లకెట్టా తెలుస్తుంది? ఆ ఒక్క 'జి'లో ఊరూ వంశం దాక్కుని ఉన్నాయి.

తెల్లదొరల కాలంలో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. దక్షిణాది కులాలు, తెగలు అని. మనుషుల్ని నిలబెట్టి ముక్కులు కొలిచాడు, కులాల్లోని ఇంటిపేర్లు కూడా పోగేశాడు. ఎవరి లెక్క ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అవసరానికే పనికొస్తుంది. అందుకే మన లెక్క మన చేతిలో ఉండాలంటున్నా.

సర్కారు లెక్క ఏం చెప్తుంది? 2011లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీలు 1 కోటి 38 లక్షల 78 వేలమంది. నూటికి 16.4. మన పశ్చిమగోదావరిలో ఐదుగురిలో ఒకరం. 2001 లెక్కల్లో రాష్ట్రంలో ఎస్సీ కులాలు 59, అందులో మాదిగలు నూటికి 49.2, మాలలు 41.6. ఎస్సీల జాబితాలో మాల ఒక గడి, మాదిగ ఒక గడి, ఆది ఆంధ్ర ఇంకో గడి. మన ఇళ్లల్లో ఏం జరుగుతోంది? అన్న సర్టిఫికెట్లో మాల, తమ్ముడి సర్టిఫికెట్లో ఆది ఆంధ్ర. ఒక తల్లి బిడ్డలు లెక్కలో రెండు కులాలు! 1917లో గౌరవం కోసం తెచ్చుకున్న పేరు, చూసుకోకపోతే ఇవాళ మనల్ని మనలోంచే విడగొట్టే గడి అవుతుంది.

చర్చి సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. పక్కనే నర్సాపురంలో బౌడెన్ దొర, బీర్ దొర వచ్చి మిషన్ పెట్టారు. అక్షరం మన పేటలోకి ఆ దారినే చాలావరకు వచ్చింది. యేసుపాదం, దావీదు, మరియమ్మ, సుందరమైన పేర్లు వచ్చాయి. 'గాడు' పోయింది. కానీ గమనించండి, పెట్టినపేరు మారింది, ఇంటిపేరు మారలేదు. మతం మారినా గడప మారలేదు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఏం చేసింది? హిందువైతేనే ఎస్సీ అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. అందుకని ఒకే మనిషికి బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఆ రెండు పేర్ల మధ్య నలిగి ఎన్ని కాగితాలు పనికిరాకుండా పోయాయో మీకు తెలుసు.

ఆడపిల్లల సంగతి ఇంకోటి. ఇంటిపేరు తండ్రినించి వస్తుంది. వేరే కులంవాడు మన పిల్లని చేసుకుని, బిడ్డనిచ్చి వదిలేసి పోతాడు. బిడ్డకి వాడి ఇంటిపేరు ఉంటుంది, పెరిగేది మన పేటలో, పడే మాటలు మన మాటలు. అట్టాంటి బిడ్డ ఎవరు? 2012 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, తండ్రి కులమే బిడ్డ కులమని గుడ్డిగా అనకూడదు, తల్లి దగ్గర ఎస్సీగా పెరిగి ఆ కష్టాలు పడ్డానని బిడ్డ రుజువు చేసుకోవచ్చని. రుజువు అంటే మళ్లీ కాగితమే. తల్లి ఇంటిపేరు ఎక్కడైనా రాసి ఉందా? లేదు. అందుకే తల్లి ఇంటిపేరు కూడా రాయాలి.

కాబట్టి ఈ సభనించి నాలుగు పనులు చేద్దాం.

ఒకటి. ఈ పేటకి ఒక పుస్తకం పెడదాం. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఇంటర్ చదివే ఆడపిల్లలు ఇద్దరు, మగపిల్లలు ఇద్దరు గడప గడపకీ వెళ్లాలి. ఇంటిపేరు, దాని అర్థం, ఏ ఊరినించి వచ్చారు, తల్లి ఇంటిపేరు, నాయనమ్మ ఇంటిపేరు, అమ్మమ్మ ఇంటిపేరు. పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఇప్పుడే రాయాలి. మా నాయనమ్మ విషయంలో మేం చేసిన తప్పు మీరు చెయ్యొద్దు.

రెండు. పట్టా, రేషన్ కార్డు, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, కుల ధృవీకరణ, అన్నీ ఒక చోట పరిచి చూసుకోండి. ఇంటిపేరు అన్నిట్లో ఒక్కలాగే ఉందా? ఒకదాంట్లో అక్షరం తక్కువ, ఒకదాంట్లో ఎక్కువ ఉంటే ఇప్పుడే సరిచేయించండి. కుల ధృవీకరణకి 1993లో చేసిన చట్టం ఉంది. అడగడం మన హక్కు, బతిమాలడం కాదు. పదిమంది కలిసి వెళ్లండి.

మూడు. జనగణన. రాబోయే లెక్కల్లో అన్ని కులాలూ రాస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న చెప్పింది. 2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టారు. 1931 తర్వాత జనగణనలో అందరి కులాలూ లెక్కించడం ఇదే. లెక్కలాయన గడపలోకి రాకముందే అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకోండి. ఏ కులం పేరు చెప్పాలో మీ ఇష్టం, కానీ ఒక ఇంట్లో ఒకటే చెప్పండి. సర్టిఫికెట్‌లో ఏముందో చూసుకుని చెప్పండి. రాసుకుంటా, తర్వాత చూస్తా అంటే ఒప్పుకోవద్దు. ఏం రాశాడో చదివించుకోండి.

నాలుగు. ఈ పేటలో వీధులకి పేర్లు లేవు. మొదటి లైను, రెండో లైను అంటున్నాం. ఈ నేల మీద మొదట గుడిసె వేసిన మనవాళ్ల ఇంటిపేర్లు ఆ పుస్తకంలో దొరుకుతాయి. వీధులకి ఆ పేర్లు పెడదాం. పంచాయతీలో తీర్మానం అడుగుదాం. భూమున్నవాడి ఇంటిపేరే నేలకి ఎక్కాలా? చెమట పోసినవాడిది ఎక్కకూడదా?

మా నాన్న పట్టా సంగతి చెప్పకుండా వదిలేశాను. మూడో ఏడు, మా పేటలో ఒక ముసలమ్మ వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆ పేరున్న ముగ్గురిలో ఎవరి ఇంటిపేరేంటో, ఎవరు ఎవరి కొడుకో, ఎవరి పెళ్లాం ఎవరింటి ఆడపడుచో వరసగా చెప్పింది. ఆఫీసులో కుర్రాడు రాసుకోలేక అలిసిపోయాడు. పేరు మారింది. చెరువు గట్టు ఇంకా అట్టాగే ఉంది, దానిమీద కేసు నడుస్తోంది. కానీ కేసు వెయ్యడానికి ఇప్పుడు మాకో పేరుంది. ఆ కాగితం మీద మొదటిసారి మా తాత ఇంటిపేరు పడింది, ఆయన పోయిన పదకొండేళ్లకి.

ఆ ముసలమ్మలాంటివాళ్లు ఈ ముందు వరసలో ఇంకా ఉన్నారు. వాళ్లని ఇవాళ రాత్రే అడగండి. రేపు అనొద్దు.

నేను కూర్చునే ముందు మీరొక్కొక్కరూ లేచి మీ ఇంటిపేరు, మీ పేరు గట్టిగా చెప్పండి. మైకు అవసరం లేదు. ఊళ్లోకి వినపడితే చాలు. పెద్దమ్మా, మొదట నువ్వు.

జై భీమ్.